మర ఇంటి పెద్దపిల్ల

బస్సు డిపోలో ఆమెను అందరూ సీట్లక్క అనేవారు. చిరిగిన సీట్లు విప్పి, కుంగిపోయిన స్పాంజి తీసేసి కొత్తది పెట్టి, పైన రెగ్జిన్ బిగించి కుట్టడం ఆమె పని. వర్క్‌షాపు చివర రేకుల షెడ్డులో ఎత్తుపీట మీద కూర్చుని, అరచేతికి తోలుముక్క కట్టుకుని, జానెడు సూదితో ఆ దళసరి రెగ్జిన్‌ని పొడిచి లాగుతుంటే దారం కిర్రుమనేది.

“జనం బ్లేడు పెట్టి సీట్లెందుకు కోస్తారో నాకు ఈ జన్మకి అర్థం కాదు” అనేది.

“నీ ఉద్యోగం నిలబెట్టడానికక్కా. పాపం, పుణ్యం చేసుకుంటున్నారు” అనేవాడు పక్క షెడ్డులో టైర్లు మార్చే మేస్త్రి.

ఆమె నవ్వేది. మాట తక్కువ మనిషే కానీ నవ్వడానికి వెనకాడేది కాదు. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం తడబడేది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా “మీ ఇల్లెక్కడండీ?” అని అడిగితే చేతిలో సూది ఆగిపోయేది. డిపో వెనక సందులో, పిన్నితో కలిసి ఉంటున్న రెండు గదుల అద్దె వాటా సంగతి చెప్పడానికి నోరు వచ్చేది కాదు. “మాది మర ఇల్లండీ, బజారు అవతల” అనేది. ఆ ఇంట్లో ఆమె ఐదేళ్ళు వచ్చేదాకా మాత్రమే ఉంది. ఇప్పుడామెకు యాభై దాటాయి.

మర ఇల్లంటే పిండిమర ఇల్లు. కింద మర, పైన కాపురం. తండ్రి మర ఆడిస్తుంటే పై అంతస్తు నేల సన్నగా వణికేది. వంటింటి గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గుసగుసలాడుకున్నట్టు చప్పుడు చేసేవి. మెట్ల పక్క కమ్మీ మీద ఎప్పుడు చెయ్యి వేసినా వేళ్ళకు పిండి అంటుకునేది; తల్లి కొంగుతో ఎన్నిసార్లు తుడిచినా అంతే. అప్పుడే ఆడిన పిండి వాసన వెచ్చగా ఇల్లంతా పరుచుకునేది. తండ్రి భోజనానికి పైకొచ్చేసరికి జుట్టు, మీసం, కనురెప్పలు తెల్లబడి ఉండేవి. “నాన్న ముసలాడైపోయాడు!” అని ఆమె చప్పట్లు కొడితే, ఆయన తొట్టి దగ్గర ముఖం కడుక్కుని వచ్చి “ఇదిగో, మళ్ళీ కుర్రాణ్ణయ్యాను” అనేవాడు. రోజూ ఇదే ఆట. రోజూ ఇద్దరికీ కొత్తే.

తల్లి రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆరోగ్యం చెడింది. మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. అప్పుడు తల్లి చెల్లెలు వచ్చి, “పురుడయ్యేదాకా దీన్ని నా దగ్గరుంచుకుంటానక్కా” అని ఆమెను తీసుకెళ్ళింది. పిన్నికి పిల్లల్లేరు. బాబాయి డిపోలో మెకానిక్కు. పురుడైంది, తమ్ముడు పుట్టాడు. వాడు కాస్త నిలదొక్కుకునేదాకా అన్నారు. ఇంతలో ఇంకో తమ్ముడు. తల్లి కోలుకునేదాకా అన్నారు. ఆ తర్వాత కారణాలు చెప్పడం కూడా మానేసి “ఇంకొన్నాళ్ళు” అన్నారు. ఆ మాటకి కొలతేముంది? ఆ ఇంకొన్నాళ్ళలోనే ఆమె బడికెళ్ళింది, జడ వేసుకోవడం నేర్చుకుంది, పెద్దదైంది.

కొత్తలో పిన్ని ఇంట్లో ఆమెకు నిద్ర పట్టేది కాదు. నేల కదలకుండా ఉంటే భయమేసేది. ఏడుస్తుంటే బాబాయి ఆమె మంచాన్ని డిపో గోడ వైపుకి జరిపాడు. తెల్లవారుజామున బస్సులు ఇంజన్లు వేడి చేసుకునేటప్పుడు గోడ అదిరేది. “ఇదీ మరేనమ్మా, కాకపోతే కాస్త పెద్దది” అన్నాడు. మంచివాడు. ఇద్దరూ మంచివాళ్ళే. పిన్ని ఆమెకు తలంటి, జడ వేసి, మెటికలు విరిచి, మళ్ళీ ఆ జడ సరిగ్గా కుదర్లేదని విప్పి వేసేది. అయినా ఆమె పిన్నిని పిన్నీ అనే పిలిచింది. “అమ్మా అని పిలవవే” అని ఎవరో పక్కింటావిడ నేర్పబోతే, మూతి బిగించుకుని గడప దాటి వెళ్ళి కూర్చుంది. ఆ ఒక్క మాట అంటే ఇక తనను ఎవరూ మర ఇంటికి తీసుకెళ్ళరని ఆ పిల్ల లెక్క.

సెలవుల్లో వెళ్ళేది. తల్లి గట్టిగా వాటేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. తర్వాత అలమార్లోంచి పూల గ్లాసు తీసి అందులో పాలు పోసిచ్చేది. ఆ గ్లాసు చుట్టాలొచ్చినప్పుడే తీసేది. తమ్ముళ్ళు సొట్టలు పడ్డ గ్లాసుల్లో తాగేవాళ్ళు. ఆమెకు ఆ సొట్ట గ్లాసు కావాలనుండేది. అన్నం దగ్గర కూర్చుంటే తల్లి, “మొహమాటపడకమ్మా, వేసుకో” అనేది. ఆ మాట ఎంతో ప్రేమగానే అనేది. చుట్టాలతోనూ అదే మాట అనేది. తమ్ముళ్ళు పడుకునే చోట్లు వాళ్ళకుండేవి. ఆమెకు ముందు గదిలో చాప వేసేవారు. ఓసారి చిన్న తమ్ముడు, పాపం చిన్నవాడు, ఆమె ఒళ్ళో కూర్చునే అడిగాడు: “అక్కా, నువ్వెప్పుడెళ్తావ్?”

పెళ్ళి మాటలు వచ్చాయి, పోయాయి. “ఏ ఇంటి పిల్ల?” అని అడిగినప్పుడు పిన్ని ఒకటి చెప్పేది, ఆమె ఇంకొకటి చెప్పేది. అవతలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. అందుకే కుదరలేదని అనలేం కానీ, కుదరలేదు. బాబాయి పోయాక డిపోవాళ్ళు ఆమెకు సీట్ల పని ఇచ్చారు. తర్వాత కొన్నేళ్ళకు తల్లి పోయింది. ఇంకొన్నేళ్ళకు తండ్రి పోయాడు. ఆయన వీలునామా ఏదీ రాయలేదు. తమ్ముళ్ళిద్దరూ పెళ్ళాం పిల్లలతో ఆ ఇంట్లోనే ఉన్నారు. ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. సెలవు రోజుల్లో అటు వెళ్ళి, కాసేపు మర దగ్గర నిలబడి, మరదళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేది. ఇల్లు అక్కడుంది కదా, అనుకునేది.

అలా వెళ్ళిన ఒక ఉదయం మర ఆగిపోయి ఉంది. లోపల ఇటుకలు, ఇసుక. తాపీమేస్త్రి మెట్ల దగ్గర గోడ కడుతున్నాడు. నడుం ఎత్తు లేచింది. ఆ గోడ వెనక మెట్లు మసక వెలుతురులో పైకి పోతున్నాయి.

“ఏం చేస్తున్నారిక్కడ?”

“మెట్లు మూసేస్తున్నామండీ. కింద వాటా పై వాటా వేరయ్యాయి కదా. పైకి పెరటి వైపు కొత్త మెట్లు పోశాం.” అతను తాపీ ఎత్తిపట్టుకుని ఆమెను పైనుంచి కిందికి చూశాడు. “కాస్త అవతలికి జరగండి, చీర పాడైపోతుంది. ఇంతకీ మీరెవరు?”

“ఈ ఇంటి పెద్దపిల్లని.”

“అదేంటి? ఇద్దరన్నదమ్ములే అన్నారే!”

ఆమె గోడ మీదుగా చెయ్యి చాచి కమ్మీ పట్టుకుంది. పట్టుకుని, అలాగే ఉండిపోయింది. లోపలి గదిలోంచి పెద్ద తమ్ముడు వచ్చాడు.

“పెద్దోడా, ఈ గోడేంట్రా?”

“వాటాలు చేసుకున్నామక్కా. కిందంతా నాది, పైనంతా చిన్నాడిది. రిజిస్ట్రీ కూడా అయిపోయింది.”

“మరి నాకు చెప్పలేదేం?”

అతను ఎప్పటినుంచో సిద్ధం చేసుకున్న మాటలా, ఒక్క గుక్కలో అనేశాడు. “నీకెందుకు చెప్పడం? నిన్ను చిన్నప్పుడే పిన్నివాళ్ళకి ఇచ్చేశారు కదక్కా. నువ్వు వాళ్ళ పిల్లవి. వాళ్ళదేదైనా ఉంటే అది నీకొస్తుంది.”

“ఇచ్చేశారా? నేనేమైనా గిన్నెనా, పొరుగింటికిచ్చి మర్చిపోవడానికి?”

తాపీమేస్త్రి తల వంచుకుని ఇటుక మీద సిమెంటు పూస్తూనే ఉన్నాడు. పైనుంచి చిన్న తమ్ముడు తొంగి చూసి, తల వెనక్కి తీసుకున్నాడు. ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి పిన్నికి చెప్పింది. పిన్నికి కళ్ళు మసకలు కమ్మి అప్పటికే చాలా కాలమైంది. మనిషిని గొంతుతోనే చూసేది. అంతా విని, “పోనీలేవే, మనిద్దరికీ ఈ రెండు గదులు చాలవా?” అంది. చాలవని చెబితే పిన్ని నొచ్చుకుంటుంది. చాలునని చెబితే అబద్ధం.

డిపోలో టైర్ల మేస్త్రి దగ్గర మాత్రం దాచలేకపోయింది. అతను విని, చేతులు తుడుచుకుని, “ఊరందరికీ సీట్లు కుడతావు, నీకు మాత్రం ఆ ఇంట్లో సీటు లేదన్నారన్నమాట” అన్నాడు. ఎప్పట్లా నవ్వుదామనుకుంది, ఏడుపొచ్చింది. అతను కంగారుపడిపోయి, తన పొలం గొడవలో వాదించిన లాయరమ్మ అడ్రసు చెప్పాడు.

లాయరమ్మ ఆఫీసు చెప్పుల దుకాణం పైన. గదినిండా కొత్త తోలు వాసన. సీట్లక్క చెబుతుంటే ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి వింది.

“ఇచ్చేశారంటున్నారు. దత్తత జరిగిందా? ఇచ్చినట్టూ పుచ్చుకున్నట్టూ ఏదైనా జరగడం మీకు గుర్తుందా, మీ పిన్నిగారేమైనా చెప్పారా?”

“లేదండీ. పెంచారు, అంతే.”

“పెంచడం వేరమ్మా, దత్తత వేరు. ఎవరింట్లో పెరిగినా మీరు మీ నాన్నగారి కూతురే. వాళ్ళిద్దరూ రాసుకున్న కాగితంలో మీరు లేరు కాబట్టి అది వాళ్ళిద్దరి మధ్యే. మిమ్మల్ని పక్కనపెట్టి పంచుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు. మీ వాటా ఇమ్మని మీరు వాళ్ళని బతిమాలక్కర్లేదు, అది ఇప్పటికే మీది. దాన్ని విడదీసి చూపించమని అడుగుతున్నాం, అంతే.”

“కానీ నేనెప్పుడూ ఆ ఇంట్లో లేను కదండీ. ఇన్నేళ్ళైంది.”

లాయరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. “ఇల్లు ఉమ్మడిగా ఉన్నంతకాలం, ఒక వాటాదారు అందులో ఉంటే మిగతావాళ్ళ తరఫున కూడా ఉన్నట్టే. మీ తమ్ముళ్ళు ఉన్నారంటే మీరూ ఉన్నట్టే. మీరు లేరు అనుకుంటున్నారు కానీ, చట్టం లెక్కలో మీ నాన్నగారు పోయిన రోజు నుంచీ మీరు ఆ ఇంట్లోనే ఉన్నారమ్మా. ప్రతి గదిలోనూ.”

లాయరమ్మ చెప్పింది చట్టమే. కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కానీ ఎవరో తనను చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కించినట్టయింది ఆమెకు.

దావా వేశారు. నోటీసు అందగానే పెద్ద తమ్ముడు ఒంటికాలి మీద లేచాడట. వాళ్ళ వకీలు ఇచ్చిన జవాబు ఒక్కటే: ఈమెను చిన్నప్పుడే దత్తత ఇచ్చారు, బడిలో తండ్రి పేరు దగ్గర బాబాయి పేరే ఉంది, కాబట్టి ఈ ఇంటితో సంబంధం లేదు. బడిలో ఆ పేరు రాయించిన మాట నిజమే. చేర్పించేటప్పుడు గుమాస్తా తండ్రి పేరడిగితే బాబాయి తన పేరు చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన రెండు గదుల్లో అటూ ఇటూ తిరుగుతూ పాట పాడుకున్నాడని పిన్ని అప్పుడప్పుడూ చెప్పేది.

అంటే ఇక కేసంతా ఒక ముసలావిడ నోటిమాట మీదికొచ్చింది. దత్తత జరిగిందో లేదో తెలిసినవాళ్ళలో బతికున్నది పిన్ని ఒక్కతే. తమ్ముళ్ళ వకీలు తమ సాక్షిగానే ఆవిడకు కబురు పంపాడు.

ఆ వారంలో పెద్ద తమ్ముడు పళ్ళు పట్టుకుని వచ్చాడు. సీట్లక్క అప్పుడే పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. అతను ఆమెను చూడనట్టే పిన్ని మంచం పట్టె మీద కూర్చున్నాడు.

“పిన్నీ, నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. అక్క నీ కూతురని చెప్పు, చాలు. నువ్వు పెంచలేదా? జ్వరమొస్తే నువ్వు మేలుకోలేదా? మా అమ్మ చేసిందేముంది? అందరి ముందూ, జడ్జిగారి ముందూ, ఇది నా కూతురని గట్టిగా చెప్పుకునే రోజొచ్చింది నీకు. ఎందుకొదులుకుంటావ్?”

పిన్ని చేతిలో పెట్టిన పండుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. సీట్లక్క చెప్పులు చేత్తో పట్టుకుని ఆ ముఖంకేసే చూసింది. ఈ మనిషికి జీవితంలో ఎవరూ ఇంత తియ్యటి మాట చెప్పలేదు. చెప్పినవాడి మనసులో ఏముంటేనేం, ఆ మాటకోసం ఆవిడ ఎంతకాలంగా ఆశపడిందో తనకు తెలియదా?

తర్వాత రోజులన్నీ ఇద్దరూ కూరగాయల గురించి, కుళాయి గురించి మాట్లాడుకున్నారు. ఏం చెప్తావు పిన్నీ అని ఆమె అడగలేదు. అడగడానికి నోటిదాకా వచ్చేది. అడిగితే ఆవిడ దగ్గర మిగిలిన ఒక్కటీ లాక్కున్నట్టవుతుందని మింగేసుకునేది.

కోర్టు గది చిన్నది. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి ఎవరికీ రావట్లేదు. సాక్షి కోసం వేసిన కుర్చీ రెగ్జిన్ ఒక పక్క పిగిలి స్పాంజి బయటికొచ్చింది. అంత కంగారులోనూ సీట్లక్క కన్ను ఆ కుట్టు మీదికే పోయింది. పిన్ని తడుముకుంటూ వెళ్ళి ఆ కుర్చీలో ఒదిగి కూర్చుంది.

తమ్ముళ్ళ వకీలు మృదువుగా మొదలుపెట్టాడు. “ఈమెను మీరు ఐదేళ్ళప్పటినుంచీ పెంచారు కదా?”

“అవును బాబూ.”

“సొంత కూతురిలాగే?”

“అంతకంటే ఎక్కువే.”

“అంటే దత్తత చేసుకున్నారు.”

“లేదు.”

వకీలు కాగితాల్లోంచి తలెత్తాడు. “సరిగ్గా గుర్తు తెచ్చుకోండమ్మా.”

“గుర్తుకేం, బాగానే ఉంది. అడిగాం. మా ఆయనా నేనూ కొత్తబట్టలు కట్టుకుని వెళ్ళి మరీ అడిగాం. ఒకసారి కాదు. మా బావ ఇవ్వనన్నాడు. ‘ఉంచుకోండి, పెంచుకోండి, చదివించండి. కానీ ఇవ్వను. అది నా పెద్దపిల్ల, ఎప్పటికైనా ఈ ఇంటికొస్తుంది’ అన్నాడు. మళ్ళీ అడిగితే కోపం చేసుకున్నాడు.”

గదిలో చిన్న కలకలం. పెద్ద తమ్ముడు బెంచీ మీద ముందుకి వంగాడు. ఇన్నేళ్ళూ సీట్లక్క, తండ్రి తనను ఇచ్చేశాడనే అనుకుంది. పైకి ఒప్పుకోలేదు కానీ లోపల, ఎక్కడో, పెద్ద తమ్ముడన్న మాటే నిజమని నమ్మింది.

“మరి అంత ప్రేమున్న తండ్రి వెనక్కి తీసుకెళ్ళలేదేం?” అన్నాడు వకీలు.

“రెండుసార్లొచ్చాడు తీసుకెళ్దామని. మా ముఖాలు చూసి ఊరికే పలకరించి వెళ్ళిపోయాడు.”

“ఈ సంగతి ఇంతకుముందెప్పుడైనా ఎవరికైనా చెప్పారా?”

“లేదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెబితే వెళ్ళిపోతుందని భయం.”

“ఎవరు?”

“అదే. నా...” పిన్ని ఆగింది. “మా అక్క కూతురు.”

వకీలు చివరి రాయి వేశాడు. “ఈమె మిమ్మల్ని అమ్మా అని పిలిచేదా?”

“లేదు బాబూ. పిలుస్తుందేమోనని చూశాను. పిన్నీ అనే పిలిచింది.”

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సీట్లక్క ఆవిడ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. చాలా దూరం వచ్చాక నోరు తెరిచి, “అమ్...” అంది.

పిన్ని వెంటనే మోచేత్తో పొడిచింది. “నోరుముయ్యవే. ఇప్పుడే అంతమంది ముందు లేదని చెప్పొచ్చాను. నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగింది. ఆ కిటికీలోంచి ఆవిడకేం కనబడదు.

తీర్పు రావడానికి ఏడాది పైనే పట్టింది. దత్తత రుజువు కాలేదు, ఆమె కూడా వారసురాలే, ముగ్గురికీ సమాన వాటాలు, ఆమె లేకుండా రాసుకున్న పంపకం ఆమెకు వర్తించదు అన్నారు. లాయరమ్మ అభినందిస్తూనే ఒక హెచ్చరిక చేసింది: ఇల్లు విడదీయడానికి వీలుకాకపోతే అమ్మి పంచమనే ప్రమాదముంది. పెద్ద తమ్ముడు పట్టుబట్టింది కూడా అదే. “అమ్మేద్దాం. ఎవరికీ వద్దు” అన్నాడట. ఆమెకు పిడుగు పడ్డట్టయింది. వాటా కోసం పోరాడి ఇంటినే పోగొట్టుకోవడమా?

కొలతలు తీయడానికి కోర్టు మనిషి వచ్చిన రోజు ముగ్గురూ మర దగ్గర నిలబడ్డారు. అతను టేపు పట్టుకుని గదులు తిరుగుతుంటే, అంతవరకూ ఎవరివైపూ మాట్లాడని చిన్న తమ్ముడు గబగబా ముందుకొచ్చాడు.

“అమ్మక్కర్లేదండీ. పై అంతస్తు రెండు చెయ్యొచ్చు. వెనక వైపు, పాత వంటిల్లూ దాని పక్క గదీ అక్కకివ్వండి. నాకు తగ్గినదానికి కింద సరుకు గది ఇప్పించండి.”

“నీకేం పోయేకాలం రా?” అన్నాడు పెద్దవాడు.

“నాన్న మాట పిన్ని చెప్పగా విన్నాం కదన్నయ్యా. విననట్టు ఎలా ఉండమంటావ్?”

అలాగే జరిగింది. పెద్దవాడు పైకోర్టుకెళ్తానన్నాడు కానీ వెళ్ళలేదు. సరుకు గది ఖాళీ చేసి తాళం చిన్నవాడి గుమ్మం ముందు విసిరేశాడు. ఆమెతో మాట్లాడటం మానేశాడు.

ఆమె పెరటి మెట్లెక్కి ఆ రెండు గదుల్లోకి వెళ్ళింది. గోడలు కడిగింది, కిటికీలకు రంగు వేయించింది. ఇంతకాలం కలగన్న చోటికి వచ్చింది. వచ్చాక తెలిసింది, తను కలగన్నది గదుల్ని కాదని. పూల గ్లాసు పక్కనపెట్టి సొట్ట గ్లాసులో పాలు పోసిచ్చే తల్లి కావాలి. ఆ తల్లి ఏ వాటాలోనూ లేదు. మర ఇప్పుడు పొద్దున కాసేపే ఆడుతోంది; జనం పొట్లాల్లో పిండి కొనుక్కుంటున్నారు. మర ఆడినంతసేపూ ఆమె వంటింటి నేల మీద అరికాళ్ళు ఆనించి కూర్చుంటుంది. పనికి ఆలస్యమవుతుంది. టైర్ల మేస్త్రి వేళాకోళం చేస్తాడు.

పిన్నిని వచ్చి ఉండమంది. పిన్ని రానంది.

“ఆ మెట్లు నేనెక్కలేను.”

“ఎత్తుకెళ్తాను.”

“వద్దే. ఆ ఇంటి గడపకి నేను ఎప్పుడూ చేతులు చాచుకునే వెళ్ళాను. ఇప్పుడు నీ వాటాలో కాళ్ళు చాపుకుని పడుకోవడానికి నాకు మనసొప్పదు. నువ్వెళ్ళు. మధ్యమధ్యలో వస్తూ ఉండు.”

అందుకని సీట్లక్క కొన్ని రోజులు అక్కడ, కొన్ని రోజులు ఇక్కడ. మర ఇంట్లో పడుకుంటే, పిన్ని మంచినీళ్ళ కోసం తడుముకుంటోందేమోనని మెలకువ వస్తుంది. డిపో సందులో పడుకుంటే, తన గదుల్లో దీపం లేదే అనిపిస్తుంది. ఎక్కడున్నా రెండోచోటు పిలుస్తూనే ఉంటుంది. దీనికి లాయరమ్మ దగ్గర కూడా దావా లేదు. చిన్న తమ్ముడి భార్య అప్పుడప్పుడూ “వదినా” అంటూ పెరటివైపు నుంచి వచ్చి కూర్చుంటుంది. పెద్దవాడు మాత్రం ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. అతని దగ్గు కింది గదిలోంచి వినిపిస్తూ ఉంటుంది. అచ్చం తండ్రి దగ్గే. “మందు వేసుకున్నావా పెద్దోడా?” అని అడగాలనుంటుంది. ఎన్నోసార్లు మెట్ల మధ్యదాకా దిగి, వెనక్కెళ్ళిపోయింది.

మొన్న వేసవిలో నీళ్ళకి బాగా ఇబ్బందైంది. పెరట్లో ఉన్న ఒక్క కుళాయి ముగ్గురిదీ. దాన్ని విడదీయడం కోర్టుకి కూడా కుదరలేదు. ఎప్పుడొస్తాయో తెలియదు, ఎప్పుడాగుతాయో తెలియదు. ఒక రోజు పొద్దున్నే ఆమె పైన తల దువ్వుకుంటుంటే కింద ఖాళీ బిందె మీద ఎవరో వేళ్ళతో కొట్టిన చప్పుడు. తొంగి చూసింది. పెద్దవాడు కుళాయి దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం గోడవైపే ఉంది.

“నీళ్ళొస్తున్నాయి. పట్టుకోవాలంటే పట్టుకోండి” అన్నాడు.

అక్కా అనలేదు. పరాయివాళ్ళనన్నట్టు ‘పట్టుకోండి’ అన్నాడు. ఆమె సగం వేసిన జడ అలాగే వదిలేసి, బిందె తీసుకుని, గబగబా మెట్లు దిగింది. దిగేసరికి అతను లోపలికి వెళ్ళిపోయాడు. నీళ్ళు సన్నటి ధారగా పడుతున్నాయి. బిందె నిండడానికి చాలాసేపు పడుతుంది. ఆమె అతని తలుపు తెరుచుకుంటుందేమోనని అటు చూస్తూ నిలబడింది.